తెగని లెక్క: టెంఘర్‌కు వచ్చే నీరు, భివండి నుంచి పోయే నీరు

(కొండా లక్ష్మణ్ బాపూజీ స్మారక ఉపన్యాస పాఠం)

రాత్రి పాళీ సాంచాలు (మరమగ్గాలు) నడిపి, కంటినిండా నిద్రపోకుండానే వచ్చి కూర్చున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. వాళ్ల ఓపిక విలువైనది.

ఎవరి పేరు మీద ఈ సభ జరుగుతున్నదో ముందు ఆయనను తలచుకోవాలి. కొండా లక్ష్మణ్ బాపూజీ 1915 సెప్టెంబరు 27న, నేటి ఆసిఫాబాద్ జిల్లా వాంకిడిలో, పద్మశాలి ఇంట పుట్టారు. వకీలుగా పనిచేశారు. క్విట్ ఇండియా ఉద్యమంలోనూ, నిజాం వ్యతిరేక పోరాటంలోనూ ఉన్నారు. 1952లో శాసనసభకు ఎన్నికయ్యారు. 1969లో తెలంగాణ కోసం మంత్రి పదవి వదులుకున్నారు. 2012 సెప్టెంబరు 21న కన్నుమూసేదాకా ఆ మాట మీదే నిలబడ్డారు. చేనేత సహకార సంఘాలు కట్టడంలో ఆయన పెట్టిన శ్రమ మన పెద్దలకు తెలుసు. హైదరాబాదులో ఆయన ఇల్లు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఉండేది, పేరు జలదృశ్యం. ఒకప్పుడు నగరం దాహం తీర్చిన చెరువు అది. ఆయన కళ్ల ముందే, కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన మురుగుతో దాని నీరు మారిపోయింది.

సహకార సంఘం బతికేది లెక్కల పుస్తకం మీద. ఎవరు ఎంత నూలు తీసుకున్నారు, ఎంత గుడ్డ ఇచ్చారు, ఎంత బాకీ అన్నది ఏ సభ్యుడైనా వచ్చి తిప్పి చూసుకోగలిగినన్నాళ్లు సంఘం నిలుస్తుంది. నదికీ అలాంటి పుస్తకం కావాలన్నదే ఈ ఉపన్యాసంలోని వాదన. ఏళ్ల తరబడి, ఒకే చోట, ఒకే పద్ధతిలో, తేదీ తప్పకుండా రాసిన పుస్తకం. అది లేకపోతే నది ఎందుకు చెడిందో ఎవరూ రుజువు చేయలేరు. బాగుపడితే ఎందుకు బాగుపడిందో కూడా చెప్పలేరు.

1

మన గుక్కెడు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఉల్హాస్ నది సహ్యాద్రిలో, ఖండాలా దగ్గరి రాజ్‌మాచి కొండల వైపు పుట్టి, కర్జత్, నేరళ్, బద్లాపూర్ దాటి, ఉల్హాస్‌నగర్, కళ్యాణ్ పక్కగా వచ్చి చివరికి వసయీ ఖాడిలో కలుస్తుంది. కళ్యాణ్ పక్కనున్న శహాడ్ దగ్గర దాని నీటిని తోడి, ఈ టెంఘర్‌లోని శుద్ధి కేంద్రానికి పంపుతారు. ఈ పథకాన్ని అందరూ స్టెమ్ అంటారు. శహాడ్, టెంఘర్ అనే రెండు ఊళ్ల పేర్లలోంచి వచ్చిన పొట్టి పేరు అది. ఇక్కడ శుద్ధయిన నీరు భివండికే కాదు, ఠాణేకు, మీరా భయందర్‌కు, ఠాణే జిల్లా పరిషత్తు కింది పల్లెలకూ పోతుంది. మీ వీధి చివర ఉన్న ఆ ట్యాంకుల మీద ఎన్ని లక్షల వంటిళ్లు ఆధారపడి ఉన్నాయో ఒకసారి ఊహించండి.

వానలు వెళ్లాక ఉల్హాస్‌లో నీరు ఎలా ఉంటుంది? సహ్యాద్రి పడమటి వాలులో చాలా వాగులు వేసవికి ఎండిపోతాయి. ఉల్హాస్ ఎండదు. మావళ్ ప్రాంతంలోని ఆంధ్రా నది మీద టాటా వాళ్లు కట్టిన ఆనకట్ట నుంచి నీరు భివ్‌పురి జలవిద్యుత్ కేంద్రానికి దిగి, కరెంటు పుట్టించి, ఉల్హాస్‌లో కలుస్తుంది. 1922 నుంచి ఇదే ఏర్పాటు. దిగువన బర్వీ ఆనకట్ట నీరూ తోడవుతుంది. అంటే మే నెలలో శహాడ్ దగ్గర పారేది చాలావరకు ఆనకట్టలు వదిలిన నీరే. ఎన్ని టర్బయిన్లు తిరిగాయన్న దాని మీద అక్కడి నీటి మట్టం ఆధారపడుతుంది.

ఇది నాణ్యత లెక్కకు చాలా ముఖ్యం. రెండు వేర్వేరు రోజుల్లో లీటరు నీటిలో మలినం ఒకే అంకె చూపవచ్చు. ఒక రోజు ప్రవాహం రెట్టింపు ఉంటే, ఆ రోజు నదిలోకి వచ్చిన మలినం కూడా రెట్టింపన్నమాట. ప్రవాహం రాయకుండా నాణ్యత మాత్రమే రాస్తే అది సగం లెక్కే.

ఇక నదికి వచ్చి చేరేవి. బద్లాపూర్, అంబర్‌నాథ్ పారిశ్రామిక వాడలు, ఉల్హాస్‌నగర్ మురుగును తెచ్చే ఖేమానీ నాలా, కళ్యాణ్ దగ్గర కలిసే వాల్ధునీ. వీటి మీద వనశక్తి అనే సంస్థ 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2015లో పుణె ధర్మాసనం తీర్పు ఇచ్చింది, వ్యవహారం సుప్రీంకోర్టుదాకా నడిచింది. ఆ కేసులో వాదోపవాదాలు ఎన్ని జరిగినా చివరికి అందరూ వెతికింది కాగితం మీది అంకెల కోసమే.

2

ఒక సీసా నీరు పరీక్షకు పంపితే ఏం తెలుస్తుంది? ఆ రోజు, ఆ గంట, ఆ చోట నీరు ఎలా ఉందో తెలుస్తుంది. తాగవచ్చా వద్దా అన్నంత వరకు అది చాలు. నది ఎటు పోతున్నదో తెలియాలంటే మాత్రం చాలదు.

ప్రపంచంలో నది రసాయనానికి ఉన్న అతి పొడవైన లెక్కల్లో ఒకటి లండన్ ఎగువన, థేమ్స్ నది మీద, హాంప్టన్ అనే చోట ఉంది. 1868 నుంచి అక్కడి నీటిలో నైట్రేట్ ఎంతో రాసి పెట్టారు. ఎందుకు మొదలుపెట్టారు? కలరా కాలం అది. లండన్ తాగునీటిని పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ఫ్రాంక్‌లాండ్ నైట్రేట్‌ను పాత మురుగు వదిలిన గుర్తుగా చూసేవాడు. ఎరువుల సంగతి అప్పుడు ఎవరి మనసులోనూ లేదు. 140 ఏళ్ల అంకెలను 2010 ప్రాంతంలో ఇంగ్లండు పరిశోధకులు ఒకచోట చేర్చి చూశారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తిండి కోసం పచ్చిక బీళ్లను దున్నేసినప్పుడు నదిలో నైట్రేట్ పెరిగింది. 1970 దశకం మొదట్లో మళ్లీ ఒక పెరుగుదల. పైన దున్నిన పొలాల నైట్రేట్ భూగర్భ జలంలోకి ఇంకి, మెల్లగా కదిలి, దశాబ్దాల తరవాత నదికి చేరిందని వాళ్లు తేల్చారు. తాతలు దున్నిన పొలం ఫలితం మనవళ్ల కాలంలో కుళాయిలోకి వచ్చింది! పదేళ్ల లెక్క ఉన్నవాడికి ఈ సంగతి ఎప్పటికీ అందదు.

ఈ కథలో మనకు పనికొచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఆ లెక్క రాసింది నది మీద పరిశోధనకు వెళ్లినవాళ్లు కాదు. ఊరికి నీళ్లు పంపే కేంద్రం దగ్గర, రోజువారీ అవసరం కోసం రాసుకున్నది. నీటి శుద్ధి కేంద్రాల్లో వచ్చిన నీటి మడ్డి ఎంత, పటిక ఎంత వేశారు, క్లోరిన్ ఎంత పట్టింది అని రోజూ రిజిస్టరులో రాస్తారు. ఆ అంకెలను ఖర్చు లెక్కగా చూడటం అలవాటు. నిజానికి అవి నది ఆరోగ్యం లెక్క. ఎగువ నుంచి మురుగు ఎక్కువైతే నీటిలో అమ్మోనియా పెరుగుతుంది. అమ్మోనియా క్లోరిన్‌ను మింగేస్తుంది, కాబట్టి సూక్ష్మజీవులను చంపడానికి క్లోరిన్ ఎక్కువ పోయాల్సి వస్తుంది. కుళాయి నీటిని పరీక్షిస్తే అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఎందుకంటే కేంద్రం తన పని చేసింది. నది మాత్రం దిగజారిపోతూ ఉంటుంది. ఆ దిగజారుడు కనిపించేది పటిక, క్లోరిన్ పద్దుల్లోనే. ఇంట్లో క్లోరిన్ వాసన ఎక్కువైందని అమ్మలు అన్న రోజున, ఆ తేదీకి ఆ రిజిస్టరు తిప్పి చూడగలగాలి.

టెంఘర్‌లో అలాంటి పుటలు ఏళ్ల తరబడి పేరుకొని ఉంటే, భివండికి అవి పొలాలకన్నా, కార్ఖానాలకన్నా తక్కువ ఆస్తి కాదు.

3

లెక్క రాయడం ఒకటి, పోల్చడానికి వీలుగా రాయడం మరొకటి.

మన దేశంలో నదుల నాణ్యతను క్రమంగా కొలవడం కొత్తేమీ కాదు. మహారాష్ట్ర 1969లోనే జల కాలుష్య నివారణ చట్టం చేసుకొని, 1970 సెప్టెంబరు 7న తన కాలుష్య నియంత్రణ మండలిని నిలిపింది. కేంద్ర చట్టం వచ్చింది 1974లో. 1978లో ప్రపంచ పర్యవేక్షణ కార్యక్రమంలో భాగంగా దేశంలో కొన్ని కేంద్రాలు మొదలయ్యాయి. 1984లో జాతీయ పథకం కింద 10 నదీ పరివాహకాల్లో 113 కేంద్రాలు వచ్చాయి. ఇప్పుడు దేశమంతటా వేల కేంద్రాలున్నాయి. ఉల్హాస్ మీదా నెలనెలా నమూనాలు తీస్తారు.

అయితే ఈ అంకెలను వరసగా పెట్టి గీత గీయడానికి కూర్చుంటే చిక్కులు మొదలవుతాయి. బీఓడీ సంగతే చూడండి. నీటిలోని కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో చెప్పే కొలత అది. ఇంగ్లండులో 1912 నాటి మురుగునీటి రాయల్ కమిషన్ నివేదిక దీన్ని స్థిరపరిచింది. అప్పటి పద్ధతి సీసాను 5 రోజులు, 65 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచడం. మన వేడికి అనువుగా తరవాత ఇక్కడ 3 రోజులు, 27 డిగ్రీలకు మార్చుకున్నాం. మార్పు సబబైనదే. కానీ ఏ తేదీ నుంచి మారిందో, మారిన కొత్తలో రెండు పద్ధతుల్లోనూ కొలిచి చూశారో లేదో రాసి ఉండకపోతే, గీతలో కనిపించే మలుపు నదిదా, ప్రయోగశాలదా అన్నది చెప్పలేం.

గంట కూడా ముఖ్యమే. నాచు పట్టిన నీటిలో పగలు ఎండ ఉన్నంతసేపు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి తిరిగి వాడుకుంటుంది. మధ్యాహ్నం మూడింటికి నమూనా తీసినవాడికి నది బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. తెల్లవారుజామున అదే చోట చేపలు నోళ్లు పైకెత్తి గాలి కోసం కొట్టుకుంటుంటాయి.

మన కామ్వారీకి ఇంకో చిక్కు ఉంది. అది భివండిని ఆనుకొని పారి ఖాడిలో కలిసే నది. దిగువ భాగంలో రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. పోటు వేళ సముద్రపు నీరు లోపలికి తోసుకొచ్చి మలినాన్ని పలచన చేస్తుంది. ఆటు వేళ ఊరు వదిలింది ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. పోటు నమూనాను ఆటు నమూనాతో పోల్చి నది బాగుపడిందని ప్రకటించడం ఎంత సులువో ఆలోచించండి. దీనికి ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేదు, గంట రాయకపోతే చాలు.

4

ఇప్పుడు మన నేత పనికి సంబంధించిన విషయం. ఇది కొంచెం కష్టంగా అనిపించవచ్చు, కానీ ఈ సభలో చెప్పకుండా దాటవేయడం సరికాదు.

సైజింగ్‌లో పడుగుకు పట్టించే గంజి తినే పదార్థమే. గంజి నీరు నాలాలో పడితే సూక్ష్మజీవులు దాని మీద పడి, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను ఖాళీ చేస్తాయి. ఇది బీఓడీలో వెంటనే కనిపిస్తుంది. ఈ రోజుల్లో గంజితోపాటు వాడే పాలీవినైల్ ఆల్కహాల్ వంటివి, అద్దకపు రంగులు అలా కావు. సూక్ష్మజీవులు వాటిని అంత తేలికగా తినలేవు. మూడు రోజుల బీఓడీ పరీక్షలో అవి దాదాపు కనిపించకుండా తప్పించుకుంటాయి. వాటిని పట్టాలంటే రసాయనంతో ఆక్సీకరించి చూసే సీఓడీ కొలవాలి, రంగు, లవణాలు కొలవాలి. బీఓడీ ఒక్కటే చూసి నదిని అంచనా వేస్తే, ఇళ్ల మురుగును పట్టుకుంటాం, అద్దకాన్ని వదిలేస్తాం.

జాబితాలో లేనిదాన్ని ఎవరూ కొలవరు. దీనికి అన్నిటికన్నా బాధాకరమైన ఉదాహరణ మన తెలుగు నేల మీదే ఉంది. పటాన్‌చెరు దగ్గర దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం ఉండేది. అక్కడి నీరు వాగులు పట్టి నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి, కందకుర్తి దగ్గర గోదావరిలోకి దారి తీసేది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి 2007లో ఫలితం ప్రచురించింది. లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా సిప్రోఫ్లాక్సాసిన్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. బీఓడీ, సీఓడీ కొలిచే వ్యవస్థ అంతకు ముందూ ఉంది. యాంటీబయాటిక్ మాత్రం ఏ ప్రమాణంలోనూ లేదు, కాబట్టి ఎవరి పుస్తకంలోనూ ఎక్కలేదు. 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన ముసాయిదాలో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెట్టారు. 2021లో వచ్చిన తుది నిబంధనల్లో అవి లేవు. ఇది సర్దుకుపోవలసిన విషయం కాదు.

జాబితా ఎంత పెద్దదైనా, నెలకోసారి నమూనా అంటే ఏడాదికి 12 సీసాలే. 2014 చివర్లో ఉల్హాస్‌నగర్ దగ్గర రాత్రిపూట ట్యాంకరులోంచి వాల్ధునీలో రసాయనం పారబోస్తే, లేచిన వాయువుకు వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ట్యాంకరు ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుంది? పన్నెండు సీసాల్లో ఒక్కటైనా ఆ నిమిషాలను పట్టుకుంటుందా? 1986 నవంబరు 1న స్విట్జర్లండులోని బాసెల్ దగ్గర సాండోజ్ గోదాము తగలబడి, మంటలార్పిన నీటితోపాటు విషాలు రైన్ నదిలోకి పోయినప్పుడు యూరప్‌కు ఇదే ప్రశ్న ఎదురైంది. ఆ దెబ్బకు బాసెల్ దిగువన వైల్ దగ్గర స్విస్, జర్మన్ ప్రభుత్వాలు కలిసి రేయింబవళ్లు నీటిని తోడి చూసే కేంద్రం పెట్టుకున్నాయి. అంత ఖరీదు మనవల్ల కాదనుకుందాం. విద్యుత్ వాహకత, పీహెచ్, ఆక్సిజన్ ఈ మూడింటిని పావుగంటకోసారి నమోదు చేసే పరికరం నీళ్లలో ఉంటే, రాత్రి రెండింటికి వచ్చిన ట్యాంకరు తన జాడ వదిలిపోతుంది. రాళ్ల కింద బతికే పురుగులు, చేపలు కూడా అలాంటి సాక్షులే. రసాయనం తెల్లారేసరికి కొట్టుకుపోతుంది, పురుగులు మళ్లీ రావడానికి నెలలు పడతాయి.

5

లెక్క తెగిపోయిన చోట ఏం పోగొట్టుకుంటామో 2020 చూపించింది.

లాక్‌డౌన్ రోజులు మీకు గుర్తు చేయాల్సిన పనిలేదు. సాంచాలు ఆగాయి, సైజింగ్ బాయిలర్లు చల్లారాయి, పిల్లాపాపలతో నడిచి ఊళ్లకు పోయినవాళ్లు పోయారు. ఆ కష్టకాలంలోనే నది విషయంలో మళ్లీ దొరకని అవకాశం ఒకటి వచ్చింది. పరిశ్రమల నీరు ఆగిపోయింది, ఇళ్ల మురుగు ఆగలేదు. ఆ వారాల్లో కామ్వారీని ఒకే చోట వారానికోసారి కొలిచి ఉంటే, మలినంలో కార్ఖానాల వాటా ఎంత, ఊరి మురుగు వాటా ఎంత అన్నది విడదీసి చెప్పగలిగేవాళ్లం. ఏళ్ల తరబడి ఒకరి మీద ఒకరు తోసుకుంటున్న ప్రశ్న అది. అంత ప్రశ్నకూ జవాబు నాలుగు వారాల నీటిలో ఉంది, ఆ నీరు ఖాడిలోకి పోయింది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2022లో కలుషిత నదీ భాగాల జాబితా వేసినప్పుడు 2019, 2021 అంకెలు తీసుకొని 2020ని పక్కన పెట్టింది. మామూలు పరిస్థితిని చూపని ఏడాది కాబట్టి అది న్యాయమే. ఆ జాబితాలో 279 నదుల మీద 311 భాగాలున్నాయి. వాటిలో 55 మహారాష్ట్రవి, ఏ రాష్ట్రానికీ అన్ని లేవు. అంతకు ముందు 2018 జాబితాలో దేశమంతా కలిపి 351, మహారాష్ట్రలో 53. దేశంలో తగ్గాయి, మహారాష్ట్రలో రెండు పెరిగాయి. బీఓడీ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటిన భాగాన్ని కలుషితం అంటారు. 30 దాటితే మొదటి ప్రాధాన్యం, 3 నుంచి 6 మధ్య ఉంటే అయిదోది. నది ఒక తరగతి నుంచి మరో తరగతికి మారిందని వార్త వస్తే, కొలిచిన చోట్లు అవేనా, ఎన్ని నమూనాలు, ఏ నెలల్లో తీశారు అని అడగండి. మహారాష్ట్రలో కొలిచే కేంద్రాలు ఎక్కువ కాబట్టి దొరికే మలినమూ ఎక్కువేనన్న వాదన ఉంది. అందులో కొంత నిజం ఉంది. కొలవని రాష్ట్రాన్ని శుభ్రమైనదనుకోవడం మాత్రం పొరపాటు.

6

ఇక మనం చేయగలిగింది. భివండి పద్మనగర్‌లో తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలు ఇప్పుడు కాలేజీల్లో రసాయనశాస్త్రం, కంప్యూటరు చదువుతున్నారు. వాళ్లకు ఈ పని కష్టం కాదు.

కామ్వారీ మీద రెండు చోట్లు చాలు. ఊరిలోకి రాకముందు ఒకటి, ఊరు దాటాక ఒకటి. నెలకు రెండుసార్లు, ఆటు వేళ, పొద్దున ఒకే గంటకు. కరిగిన ఆక్సిజన్, వాహకత, పీహెచ్, ఉష్ణోగ్రత అక్కడికక్కడే చూడవచ్చు. బీఓడీ, సీఓడీ, అమ్మోనియాకు సీసాను ప్రయోగశాలకు పంపాలి. కరిగిన ఆక్సిజన్‌ను వింక్లర్ 1888లో చెప్పిన పద్ధతిలో, కాలేజీ ప్రయోగశాలలో దొరికే మందులతోనే కొలవవచ్చు. ఆ అంకెలు కోర్టులో నిలవకపోవచ్చు, గుర్తింపు పొందిన ప్రయోగశాల ముద్ర లేదు కాబట్టి. ఎక్కడ, ఎప్పుడు అధికారిక నమూనా తీయించాలో మాత్రం అవే చెబుతాయి.

కొత్తగా కొలవడంకన్నా ముందు చేయాల్సింది, ఇప్పటికే రాసి ఉన్నదాన్ని బయటికి తేవడం. కాలుష్య నియంత్రణ మండలి నెలవారీ అంకెలు దాని వెబ్‌సైటులో దొరుకుతాయి. శుద్ధి కేంద్రం రోజువారీ పద్దులకు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాలి. మరాఠీలోగానీ హిందీలోగానీ ఇంగ్లీషులోగానీ రాయాలి. జవాబుకు గడువు 30 రోజులు. అందులో అడగవలసినవి: శహాడ్ నుంచి వచ్చిన ముడి నీటి మడ్డి, పీహెచ్, అమ్మోనియా, ఆ రోజు వాడిన పటిక, క్లోరిన్, ఆ రోజు తోడిన నీటి పరిమాణం, పరీక్ష పద్ధతి ఎప్పుడెప్పుడు మారిందో ఆ తేదీలు, రిజిస్టర్లు ఏ సంవత్సరం నుంచి ఉన్నాయో, పాతవాటిని ఎన్నేళ్లకు నాశనం చేసే నియమం ఉందో. చివరి ప్రశ్న అన్నిటికన్నా ముందు అడగాలి. పాత రిజిస్టర్లకు గడువు తీరినట్టయితే, వాటిని పారేయక ముందే ప్రతి పుటకూ ఫొటో తీయడానికి అనుమతి కోరుతూ రెండో అర్జీ అదే రోజు ఇవ్వాలి.